నేలపట్టుకి అయిదుగురం వెళ్లాం, అయిదు చెరువులు చూసొచ్చాం

బయల్దేరే ముందు ఫోన్‌లో నేలపట్టు పక్షుల కేంద్రం గురించి జనం ఏం రాశారో చదివాను. ఒకాయన జన్మలో ఒక్కసారైనా చూసి తీరాలన్నాడు. దాని కిందే ఇంకొకాయన అరగంటలో అయిపోయింది, ఒకటే కంపు, పెట్రోలు దండగ అన్నాడు. ఇద్దరూ వెళ్లింది ఒకే జనవరిలో. ఎవరి మాట నమ్మాలో తేలలేదు. తిరిగొచ్చాక చూస్తే ఇద్దరూ నిజమే చెప్పారు. తాము ఎలాంటి మనుషులో మాత్రం రాయలేదు, అంతే.

మా బృందం సంగతి ముందే చెప్పేస్తాను. బ్యాంకులో పనిచేసే మిత్రుడు ఒకడు. వాడిది చిట్టా జబ్బు. మన దేశంలో పక్షి జాతులు 1,300 పైచిలుకు ఉంటే, వాడు చూసినవి 412. జేబులో చిన్న నోటు పుస్తకం, అందులో వరస నంబర్లు. పాత పిట్ట కనిపిస్తే "అయిపోయింది" అంటాడు, రేషన్ షాపులో చక్కెర అయిపోయినట్టు. వాడి చుట్టం కుర్రాడొకడు, మోయలేనంత లెన్సు మోసుకొచ్చాడు. గుంటూరు నుంచి రిటైరైన సైన్సు మాస్టారు. జువాలజీ చదివే నా మేనకోడలు. అయిదోవాణ్ని నేను. నాకు ఒకచోట కూర్చుని చూడటం ఇష్టం. నెల్లూరు వైపు వెళ్తే చేపల పులుసు దొరుకుతుందన్నది కూడా ఒక కారణమే.

హైదరాబాదులో రాత్రి రైలెక్కి తెల్లారకముందే గూడూరులో దిగాం. అక్కణ్నుంచి కారు మాట్లాడుకుంటే హైవే మీద గంట ప్రయాణం. నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. చెన్నై నుంచి వచ్చేవాళ్లకి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లున్నాయి, వాళ్ల పని సులువు.

గేటు దగ్గర పావుగంట ఆగాల్సొచ్చింది. లోపలికెళ్లాక చెరువు గట్టు మీద నడక. నీళ్లలోనే నిలబడి పెరిగిన చెట్లు, వాటి నిండా గూడబాతులు, అంటే పెలికాన్లు. ఆకులు పచ్చగా లేవు, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కంపు మాట నిజమే. మనకి కంపు, చుట్టుపక్కల రైతుకి ఎరువు. రెట్ట కలిసిన ఆ నీళ్లు పొలానికి పారితే వేరే మందు అక్కర్లేదంటారు. ఇన్నేళ్లుగా ఈ పక్షుల జోలికి ఎవరూ పోకపోవడానికి అదీ ఒక కారణం.

నేను బెంచీ మీద కూలబడ్డాను. ఎదురుగా ఒక గూడు. పిల్ల అప్పటికే కోడిపెట్ట కంటే పెద్దది, ఒళ్లంతా తెల్లటి నూగు. తల్లో తండ్రో తెలీదు, చెరువు మీంచి వచ్చి కొమ్మ మీద బరువుగా వాలింది. కొమ్మ రెండుసార్లు ఊగి ఆగింది. పిల్ల ఒక్క క్షణం కూడా ఆగలేదు. పెద్దదాని ముక్కు కింది సంచిలోకి తల దూర్చింది, తర్వాత మెడ, తర్వాత భుజాల దాకా. బయటికి రెక్కలు మాత్రమే కనిపిస్తున్నాయి, అవి టపటపా కొట్టుకుంటున్నాయి. పెద్దది కళ్లు మూసుకుని, ముక్కు తెరుచుకుని, పంటి డాక్టరు కుర్చీలో కూర్చున్నట్టు ఓర్చుకుంటోంది. చివరికి పిల్ల తల బయటికి లాక్కుని కొమ్మ మీద చతికిలబడింది. ఈలోపు మా చిట్టా మనిషి గట్టు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చేశాడు.

"ఏమేం ఉన్నాయిరా?" అన్నాను.

"గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, నీటికాకి. అన్నీ అయిపోయినవే. పులికాట్ పోదామా?"

అరగంటలో అయిపోయిందని రాసిన పెద్దమనిషి వీడి అన్నదమ్ముడై ఉంటాడు. వీణ్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఇలాంటి వాళ్లలో కొందరిది తపస్సే. అమెరికాలో ఫీబీ స్నెట్సింగర్ అనే ఆవిడ, 1981లో క్యాన్సర్ ముదిరిందని డాక్టర్లు చెప్పాక దేశాలు పట్టుకు తిరిగి 8,000కు పైగా జాతుల్ని చూసింది. 1999లో మడగాస్కర్‌లో పోయింది, క్యాన్సర్‌తో కాదు, పక్షుల కోసం తిరుగుతూ రోడ్డు ప్రమాదంలో. అంత పట్టుదల ముందు నా బెంచీ ఏపాటిది?

పక్కనే ఇంకో కుటుంబానికి ఎవరో చెప్తున్నారు, ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని. మన రాష్ట్రంలో ఏ పక్షుల చెరువుకి వెళ్లినా ఈ సైబీరియా మాట తప్పదు. గూడబాతులకీ ఎర్రకాళ్ల కొంగలకీ సైబీరియాతో సంబంధం లేదు. అవి దక్షిణాసియావే. వానలనీ చేపలనీ బట్టి ఇక్కడిక్కడే చోటు మారతాయి. చలికాలంలో నిజంగా ఉత్తరాది నుంచి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. వాటినేమో ఎవరూ పట్టించుకోరు, చూడటానికి మామూలు బాతుల్లా ఉంటాయి కదా. మా మేనకోడలు వెళ్లి సరిచెప్పబోతే మాస్టారు ఆపారు. "ఊరుకో అమ్మా, పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారు. సైబీరియా పేరు తీసేస్తే ఇంటికెళ్లిపోతారు."

మాస్టారు గురించి చెప్పాలి. ఆయన దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి, మెడలో వేలాడుతుంటాయి, పెద్దగా వాడరు. కళ్లు మూసుకుని నడుస్తారు. గుంటూరు దగ్గర పక్షులు చేరే ఉప్పలపాడు చెరువు గట్టున పెరిగినట్టే ఆయన. గూడబాతులు పెద్దయ్యాక దాదాపు మూగవని, ఈ గోలంతా పిల్లలదని, ఆ టకటక ఎర్రకాళ్ల కొంగలు ముక్కులు కొట్టుకోవడమని ఆయన చెప్పేదాకా నాకు అది మొత్తం ఒకటే రొద. చెరువు వెనక పొదల అడవి ఉంది, ఎవరూ అటు పోరు. ఆయన అటు తిరిగి ఆగిపోయారు. రెండు ముక్కల ఈల. మళ్లీ రెండు ముక్కల ఈల.

"పొన్నంగి పిట్ట," అన్నారు మెల్లిగా.

చిట్టా మనిషి ముఖం చూడాలి అప్పుడు. వాడి పుస్తకంలో అది లేదు. తొమ్మిది రంగుల చిన్న పిట్ట, చలికాలానికి మన వైపు దిగుతుంది, నేల మీద ఎండుటాకుల్లో గెంతుతూ పురుగులేరుకుంటుంది. పొద్దునా సాయంత్రం ఆరింటి ప్రాంతంలో అరుస్తుందని తమిళులు ఆరుగంటల పిట్ట అంటారు. ప్రపంచమంతా ఈ జాతిని పిలిచే 'పిట్టా' అన్న పేరు మన తెలుగు మాటే.

గంటన్నర ఆ పొదల దగ్గరే గడిచిపోయింది. ఈల వినిపిస్తూనే ఉంది, పిట్ట మాత్రం కనపడదు. కెమెరా కుర్రాడు పది నిమిషాలకే, వెలుతురు లేదన్నా అని గట్టు మీదికి వెళ్లిపోయాడు. చిట్టా మనిషి ఫోన్ తీసి రికార్డు చేసిన అరుపు వినిపించబోయాడు. తన జాగాలోకి ఇంకోటి వచ్చిందనుకుని పిట్ట బయటికొస్తుందని ఆశ. మాస్టారు వాడి చెయ్యి పట్టుకున్నారు.

"వద్దు బాబూ. దాని పొట్ట కోసం అది తిరుగుతోంది. లేని శత్రువు కోసం ఉరికిస్తావా?"

"కనపడకపోతే ఎలా మాస్టారూ?"

"వినపడింది కదయ్యా."

మేనకోడలు అప్పటికే ఫోన్‌లో 1 అని ఎక్కించేసింది. పక్షుల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ ఆప్‌లో విన్నదీ లెక్కేనట. "మరి చూడకుండానే?" అన్నాడు వీడు. "చూడలేదని అది లేకుండా పోయిందా బాబాయ్?" అంది. వాడు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. కారులో చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

బస సూళ్లూరుపేటలో. లాడ్జి పేరు అనవసరం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. గొడవల్లా వేణ్ణీళ్లతోనే. ఉదయం ఆరు నుంచి ఎనిమిదిదాకా ఇస్తామన్నారు. పిట్టల కోసం వచ్చినవాడు అయిదింటికే బయటుంటాడు, తొమ్మిదింటికి తిరిగొస్తాడు. రెండు రోజులూ చన్నీళ్లే. పిట్టల మనుషులకి మూడే కావాలి: అయిదింటికి తాళం తీసే వాచ్‌మన్, అయిదుంబావుకి ఇడ్లీ, మధ్యాహ్నం నిద్రకి చీకటి గది. బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టు తెల్లారకముందే తెరిచి ఉంది, అల్లం పచ్చడి అద్భుతం. మధ్యాహ్నం మెస్సులో మామిడికాయ వేసిన చేపల పులుసు. నా వరకు యాత్ర అక్కడే గిట్టుబాటైంది. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే రోజుల్లో మాత్రం ఇక్కడ గది దొరకడం కష్టం. పక్షులు కావాలంటే ఆ రోజులు తప్పించుకోండి. పిల్లల్తో సరదా కావాలంటే అప్పుడే వెళ్లండి.

రెండో రోజు పులికాట్. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదేనంటారు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, రెండు వైపులా నీళ్లు. టిక్కెట్టు లేదు, గేటు లేదు, రాకెట్ కేంద్రం తనిఖీ వచ్చేదాకా హాయిగా పోవచ్చు. పొద్దున పోయేటప్పుడు సూర్యుడు కళ్లలోనే ఉంటాడు, తిరిగొచ్చేటప్పుడు వెనక్కి వస్తాడు. ఫొటోలకి తిరుగు ప్రయాణమే మంచిది. ఏడు దాటితే కేంద్రం ఉద్యోగుల బస్సులు మొదలవుతాయి. రోడ్డు మీద కాళ్లు చాపి ట్రైపాడ్ పెట్టుకుంటే హారన్లతో చెవులు పోతాయి.

ఈసారి వానలు బాగా పడి రోడ్డు పక్కన నీళ్లు లోతుగా ఉన్నాయి. ఫ్లెమింగోలకి మోకాలి లోతు కావాలి. అందుకని దూరంగా, కంటికి గులాబీ గీతలా. మేనకోడలు పదేసి చొప్పున గుత్తి కట్టి లెక్కపెడుతోంది. నేను "చాలా ఉన్నాయి" అన్నాను.

"చాలా అని రాయకూడదు మామయ్యా. ఎన్ని?"

"వెయ్యా?"

"640."

అందులో ఒకటి నేను చూపించిన తెల్లటి ప్లాస్టిక్ సంచి అని తర్వాత తేలింది. ఆ పిల్ల వెంటనే 639 అని దిద్దింది. ఈ పిల్లతో వెళ్తే పావుగంట నడక గంటన్నర పడుతుంది, కానీ పదేళ్ల తర్వాత ఈ సరస్సు ఏమైందని ఎవరైనా అడిగితే పనికొచ్చేది ఆ 639యే. నా బెంచీ జ్ఞాపకం కాదు.

దూరం తట్టుకోలేక కెమెరా కుర్రాడు మధ్యాహ్నం తడ వైపు పడవ మాట్లాడాడు. లైఫ్ జాకెట్లు ఇచ్చారు, ఆ మాటకి ఒప్పుకోవాలి. అసలు తప్పు ఇంకోటి. "ఎగరేయమంటారా సార్?" అన్నాడు పడవబ్బాయి. మేం వద్దనేలోపే కుర్రాడు తలూపాడు. ఇంజను హోరెత్తింది. ఫ్లెమింగోలు నీళ్ల మీద పరుగెత్తి పైకి లేచాయి, రెక్కల కింద ఎరుపూ నలుపూ ఒక్కసారిగా విచ్చుకుంది. అందంగా లేదంటే అబద్ధం. మేనకోడలు ఒడ్డు చేరేదాకా అటు తిరిగి కూర్చుంది. తిండి మానుకుని ఎగిరిన ప్రతిసారీ వాటి ఒంట్లో బలం ఖర్చవుతుంది, గూళ్లు పెట్టడానికి గుజరాత్‌లోని కచ్ రణ్ దాకా పోవాలి మరి. పడవబ్బాయిదీ తప్పు కాదేమో, ఎగరేస్తేనే డబ్బులిచ్చే జనమే రోజూ వస్తుంటారు. మీరు వెళ్తే ఎక్కేముందే చెప్పండి, ఇంజను దూరంగా ఆపేయమని. రాత్రి కుర్రాడు 1,100 ఫొటోల్లో మంచివి ఏరుతుంటే చూశాను. ఎగిరేవి ఒక్కటీ ఉంచుకోలేదు, అన్నీ చెదిరిపోయాయట. ఉంచుకున్నది నేలపట్టులో సంచిలో తలదూర్చిన పిల్ల. నేను చూసిందీ అదేనని చెప్పలేదు.

తిరుగు రైల్లో చిట్టా మనిషి కొత్త ప్లాను తీశాడు. కడప జిల్లా లంకమల. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికిన అడవి. శాస్త్రవేత్తలకి దాన్ని పట్టిచ్చింది ఐతన్న అనే పల్లెటూరి వేటగాడు.

"రాత్రి పిట్టన్నా, ఫొటో రాదు," అన్నాడు కుర్రాడు. అక్కడ తిండెలా ఉంటుందని నేనడిగాను. మేనకోడలు, కనపడలేదని రాసినా పనికొస్తుంది, నేనొస్తానంది. మాస్టారు కిటికీ వైపు తిరిగి ఉన్నారు.

"దాన్ని చూసినవాళ్లు తక్కువ బాబూ. రాత్రిపూట అరుపు వినడమే ఎక్కువ. ఆలోచించుకో."

వాడేం మాట్లాడలేదు. పైబెర్తు ఎక్కి లైటు వేసుకున్నాడు. నెల్లూరు దాటాక నీళ్ల సీసా అందించడానికి లేచి చూస్తే వాడు నిద్రపోతున్నాడు, గుండెల మీద పుస్తకం తెరిచే ఉంది. 412 కింద పెన్సిల్‌తో, చెరిపేయడానికి వీలుగా, 413 అని రాసుకున్నాడు.