తొలి యాభై కిలోమీటర్లు: భీమిలి రోడ్డా, కొత్తవలస రోడ్డా, అరకు ఘాటా?

యాభై ఏళ్ళు దాటాక సైకిలు కొని, రెండు మూడు నెలలు కాలనీ చుట్టూ, ఆపైన ఆర్కే బీచ్ దాకా తొక్కినవాళ్ళకి విశాఖలో ఒక ప్రశ్న తప్పదు: మొదటి దూరపు సవారీ ఎటు? ఎవర్నడిగినా మూడు పేర్లే చెబుతారు. భీమిలి, కొత్తవలస, అరకు. చాలామంది కిలోమీటర్లు చూసి తేల్చేసుకుంటారు. చూడాల్సింది తిరుగు ప్రయాణం. వెళ్ళేటప్పుడు హుషారే తొక్కించేస్తుంది. ముప్పై ఐదో కిలోమీటరు దాటాక ఎండ, ఎదురుగాలి, మోకాలు మూడూ కలిసి లెక్క అడుగుతాయి.

ముందు భీమిలి. ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట మీదుగా వెళ్ళి వస్తే యాభై కిలోమీటర్లు దాటుతుంది. కైలాసగిరి కింద ఒక ఎక్కుడు, రుషికొండ దాటాక తొట్లకొండ దాకా చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఉన్నాయి. గేర్లున్న సైకిలుకి అవేమీ పెద్ద కష్టం కాదు. ఈ దారికి ఉన్న గొప్ప సుగుణం ఏమిటంటే ఎక్కడైనా వెనక్కి తిరగొచ్చు. రుషికొండలో తిరిగితే పాతిక లోపే, మంగమారిపేటలో తిరిగితే నలభై లోపే. ఒంట్లో బాగోకపోతే సైకిలు వేసుకుని వచ్చే ట్రాలీ ఆటో ఎక్కడైనా దొరుకుతుంది.

చిక్కంతా గాలితోనే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, భీమిలి ఈశాన్యం వైపుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. అంటే వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యి వేసి తోస్తుంది, వచ్చేటప్పుడు గుండె మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. గంటకి పదిహేను కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు గాలి కూడా అంతే వేగంతో ఎదురొస్తే, మనకి తగిలే గాలి వేగం రెట్టింపవుతుంది, దాని అడ్డు నాలుగింతలవుతుంది. ఏప్రిల్లో భీమిలి దాకా ఈలలేసుకుంటూ వెళ్ళినవాళ్ళు రుషికొండ దగ్గర సైకిలు నడిపించుకుంటూ రావడానికి కారణం ఇదే. నవంబరు నుంచి జనవరి దాకా గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు కష్టం ముందు, సుఖం వెనక. కొత్తవాళ్ళకి కావాల్సిన వరస అదే. తుఫాను హెచ్చరిక ఉన్న వారం మాత్రం ఊసెత్తొద్దు.

బయల్దేరేముందు సరుగుడు కొమ్మలు ఎటు వంగుతున్నాయో, ఒడ్డున పడవల మీద జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూసుకుంటే ఆ రోజు లెక్క తెలిసిపోతుంది. వేసవిలోనే వెళ్ళక తప్పదంటే తెల్లారేసరికి సైకిలెక్కి ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరాలి. ఆ తర్వాత సముద్రపు గాలి జోరందుకుంటుంది. లేదంటే భీమిలి దాకా తొక్కి, తిరుగు ప్రయాణం ట్రాలీ ఆటోలో. అందులో నామోషీ ఏమీ లేదు.

ఈ దారిలో ఇంకో చిన్న ప్రమాదం ఇసుక. మలుపుల్లో, తారు అంచున పలచటి పొరలా పేరుకుంటుంది, దూరానికి కనపడదు. దాని మీద ముందు బ్రేకు నొక్కితే ముందు చక్రం పక్కకి జారి మనిషి భుజం మీద పడతాడు. మలుపులోకి వెళ్ళకముందే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు ముట్టుకోకూడదు.

ఇక కొత్తవలస. ఎన్‌ఏడీ కొత్త రోడ్డు నుంచి గోపాలపట్నం, పెందుర్తి మీదుగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. రానూపోనూ నలభై అయిదు అనుకోండి. పెందుర్తి దాకా బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు వెడల్పుగానే ఉంటుంది గానీ బస్సులు, ఆటోలు ఎప్పుడు ఎడమకి కోసుకొస్తాయో తెలీదు. పెందుర్తి దగ్గర ఆనందపురం - అనకాపల్లి ఆరు వరసల రహదారి లారీలు కలుస్తాయి. దాటితే దారి చల్లబడుతుంది, పొలాలు మొదలవుతాయి. సముద్రానికి దూరం కాబట్టి గాలి బాధ భీమిలి అంత ఉండదు. వేసవిలో ఈ దారికి అదొక్కటే మార్కు. వెనక నుంచి లారీ హారన్ కొడితే చేతులు వణికేవాళ్ళకి ఇది మొదటి సవారీ కాదు. హ్యాండిల్‌కి అద్దం బిగించుకుని, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించుకుని వెళ్ళేవాళ్ళకి పరవాలేదు.

అరకు గురించి క్లుప్తంగా: మొదటిసారికి వద్దు. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలై దాదాపు కిలోమీటరు ఎత్తు ఎక్కాలి. ఎక్కడానికి మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. అంతసేపు కూర్చుని తొక్కాలంటే ముందు పళ్ళచక్రం కన్నా వెనకది పెద్దదిగా ఉండే గేరు కావాలి. దిగడం ఇంకా చెడ్డది. బ్రేకులు పట్టిపట్టి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, రిమ్ము వేడెక్కుతుంది. శీతాకాలం మంచు, సెలవు రోజుల్లో పర్యాటకుల కార్లు సరేసరి. వందకి పైగా కిలోమీటర్లు, ఘాటు ఒకేసారి నేర్చుకోవడం ఎందుకు? భీమిలి నాలుగైదుసార్లు వెళ్ళొచ్చాక శృంగవరపుకోట దాకా తొక్కి చూసి, అప్పుడు ఆలోచించండి.

కాబట్టి శీతాకాలమైతే భీమిలి, ఎండాకాలమైతే అద్దం, లైటు పెట్టుకుని కొత్తవలస. లారీలంటే భయమైతే ఎండాకాలంలో కూడా భీమిలే, రుషికొండ దాకా వెళ్ళి తిరిగితే చాలు.

సైకిలు మాటకొస్తే, దుకాణంలో మూడు రకాలు చూపిస్తారు. వంగిన కొమ్ముల రోడ్ బైకు తేలిగ్గా పరిగెడుతుంది, కానీ ఒళ్ళు ముందుకి వంచాలి. మెడ, నడుం నొప్పి ఉన్నవాళ్ళకి గంటలోనే తెలిసొస్తుంది. సన్నటి టైర్లు ఇసుకకి పనికిరావు. ఎంటీబీ, అంటే కొండదారుల సైకిలు, ఏ గుంతకీ భయపడదు, కానీ బరువు, లావు టైర్లు, ముందు షాకుల వల్ల ప్రతి తొక్కుకీ కొంత శ్రమ నేలపాలు. హైబ్రిడ్ మధ్యస్థం. 700 సైజు చక్రం, 35 నుంచి 38 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, 50 నుంచి 60 పీఎస్ఐ గాలి, నిటారుగా కూర్చునే హ్యాండిల్. యాభై దాటినవాళ్ళకి ఇదే. ఇంట్లో ఎంటీబీ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. గళ్ళ టైర్లు తీసి నున్నటివి వేయిస్తే సగం తేడా అక్కడే తీరిపోతుంది.

సీటు ఎత్తు మాత్రం ఎవరికి వాళ్ళు సరిచూసుకోవాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద ఆనించి, పెడల్ కిందికొచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం ఆనుతుంది కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే కావాల్సింది. మోకాలి ముందు నొప్పొస్తే సాధారణంగా సీటు తక్కువ, వెనక నొప్పొస్తే ఎక్కువ. ఒకేసారి అయిదు మిల్లీమీటర్లకి మించి మార్చొద్దు. చిటికెన వేలు మొద్దుబారుతుంటే సీటు ముక్కు కిందికి వాలి, బరువంతా అరచేతుల మీద పడుతోందన్నమాట.

సాధన ఎనిమిది వారాలు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. ఆ విరామం ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఐచ్ఛికం, ఈ వయసులో తప్పనిసరి. ఆదివారం దూరం పదిహేనుతో మొదలుపెట్టి వారానికి మూడు నాలుగు కిలోమీటర్లు, చివర్లో నాలుగైదు పెంచి, ఏడో వారానికి నలభైకి చేర్చి, ఆఖరి వారం తగ్గించాలి. నిమిషానికి 70 - 80 తొక్కులు తేలిక గేరులో. బరువు గేరులో నెమ్మదిగా తొక్కితే ఆ బరువు మోకాలి చిప్ప మోస్తుంది.

మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా బయల్దేరొద్దు. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకి దారిలో షుగరు పడిపోవచ్చు. ఆ రోజు డోసు ఎంతో డాక్టరే చెప్పాలి, జేబులో గ్లూకోజు ఉండాలి. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ వేసుకునేవాళ్ళకి గుండె వేగం పెద్దగా పెరగదు కాబట్టి వాచీలో అంకె నమ్మొద్దు. పక్కవాడితో వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు. ఛాతీలో బిగుతు, దవడ నొప్పి, చల్లటి చెమట పడితే సవారీ అక్కడితో ఆగిపోవాలి, నేరుగా ఆసుపత్రికే.

గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు, దాహం వేయకముందే. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం నీళ్ళలో చిక్కగా కాదు. బీపీకో గుండెకో ఉప్పు తగ్గించమన్నవాళ్ళు దీని గురించి కూడా అడగాలి. ముప్పావు గంటకోసారి అరటిపండో, రెండు ఖర్జూరాలో, పల్లీ పట్టీ ముక్కో. భీమిలిలో రెండు ఇడ్లీ చాలు. పూరీ తిని తిరుగు ప్రయాణం మొదలుపెడితే సాగర్ నగర్ దాకా ఆ నూనె వాసనే వస్తుంది.

సంచిలో ఒక ట్యూబు, రెండు టైరు లీవర్లు, చేతి పంపు. ట్యూబు కొనేముందు వాల్వు చూసుకోండి. సన్నటి ప్రెస్టా వాల్వుకి పెట్రోలు బంకు గాలి గొట్టం పట్టదు, ఇత్తడి అడాప్టరు ఒకటి ఉండాలి. ట్యూబు మార్చేముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి, ముల్లు గానీ మేకు గానీ ఉంటే గుడ్డకి తగులుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. ట్యూబు మీద పక్కపక్కనే రెండు చిల్లులుంటే ముల్లు కాదు, గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కేసిందన్నమాట.

భీమిలి నుంచి వచ్చిన రోజే చైను మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి, ఆరాక లింకుకో చుక్క నూనె వేయండి. రాత్రి వదిలేస్తే ఉప్పుగాలికి తెల్లారేసరికే చైను ఎర్రబడటం మొదలవుతుంది.