చివరి ఫారం చూసి అమ్మే పుస్తకాల షాపు

పాలకొల్లులో క్షీరారామం గోపురం కనిపించేంత దూరంలో, ఒక సందులో ఉన్న ఈ పాత పుస్తకాల షాపుకు డిటెక్టివ్ నవలలు చదివేవారు తప్పక వెళ్లాలి. పోటీ పరీక్షల గైడ్లు, పాఠ్యపుస్తకాలు ఇక్కడా ఉన్నాయి గాని, వాటి కోసం ప్రత్యేకంగా రానక్కరలేదు. లోపలి గదిలోని చెక్క బీరువా నిండా హత్యా రహస్యాలే ఉన్నాయి. నేను రాస్తున్నది దాని గురించే.

కుట్టు వదిలిన పాత నవలలో తరచుగా ఊడిపోయేది చివరి ఫారం, అంటే ఒకటిగా మడిచి కుట్టిన ఆఖరి పేజీల కట్ట. ఆ పదహారు పేజీలు లేకపోయినా ప్రేమకథను ఊహతో పూర్తి చేసుకోవచ్చు గాని, హంతకుడెవరో తేలకుండా ఆగిపోయిన నవల ఎందుకూ పనికిరాదు. అంతకు ముందు చదివినవారెవరో మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టి ఉంటే ఆ బాధ ఇంకా ఎక్కువ. ఈ షాపు యజమాని ప్రతి నవలనూ చివరి పేజీ దాకా తిప్పి చూసి, అన్నీ ఉన్నాయనడానికి గుర్తుగా అట్ట లోపల పెన్సిలుతో చిన్న గీత పెడతారు. గుట్టు బయటపెట్టే రాతలుంటే వాటి మీద తెల్ల కాగితం అంటిస్తారు. ముగింపు లేని పుస్తకాన్ని, అది ఎంత అరుదైనదైనా, అమ్మరు. పాఠకుడి మీద ఇంత గౌరవం నేను మరే పాత పుస్తకాల షాపులోనూ చూడలేదు.

చిన్న ఊళ్లోని పుస్తకాల షాపు చుట్టూ అల్లిన ఇంగ్లీషు హత్యా రహస్యాలకు ఒక అర ప్రత్యేకంగా కేటాయించారు. వీటిలో హింస తెర వెనుకనే జరుగుతుంది. నేరాన్ని ఛేదించేది పోలీసులు కాక, ఊరివారందరినీ ఎరిగిన షాపు యజమానురాలో, లైబ్రేరియనో అయి ఉంటారు. ఎవరు ఏ పుస్తకం కొన్నారో ఖాతా చెబుతుంది, పేజీల మధ్య మరిచిపోయిన ఉత్తరం పాత పగను బయటపెడుతుంది కాబట్టి, ఇటువంటి కథకు పుస్తకాల షాపు ఎంతో అనువైన చోటు. ఈ ధోరణికి దారి చూపిన అగాథా క్రిస్టీ రాసిన, మిస్ మార్పుల్ అనే పల్లెటూరి వృద్ధురాలు నేరాలు ఛేదించే నవలలు పన్నెండూ, 1930 నాటి మొదటి దాని నుంచి 1976లో వెలువడిన చివరి దాని వరకు, వరుసగా పేర్చి ఉన్నాయి. కింది అరలో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలున్నాయి. నీటి వంతులు, గట్టు తగాదాలు, వాటాలు తేలని మండువా ఇళ్లు మన డెల్టాలో ఇన్ని ఉండగా, ఇక్కడి చిన్న ఊరిని ఆధారం చేసుకున్న తెలుగు రహస్య నవల ఒక్కటీ ఆ బీరువాలో కనిపించకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

చాలా పుస్తకాలు చించినాడ వంతెన అవతల, రాజోలు వైపు ఇళ్ల నుంచి వస్తాయట. 1996 నవంబరు తుపానులో తడిసి ఆరిన ప్రతులను యజమాని విడిగా ఉంచి, ఆ సంగతి ముందే చెప్పి, తక్కువ ధరకు ఇస్తారు. యుగంధర్ పాత ముద్రణల ధరలు మాత్రం సామాన్య పాఠకుడికి అందుబాటులో లేవు. వాటిని అద్దెకైనా ఇస్తే బాగుండేది. లోపలి గదిలో వెలుతురు చాలదు, కూర్చుని నాలుగు పేజీలు చదువుకునే వీలూ లేదు. చదివిన పుస్తకం చెడకుండా తిరిగి ఇస్తే సగం వెల వెనక్కి వస్తుంది కనుక, కొన్ననాటి రసీదు దాచుకోవడం అవసరం. మధ్యాహ్నం భోజనానికి షాపు మూస్తారు. దూరం నుంచి వచ్చేవారు సాయంత్రం వెళ్లడం మంచిది.