మొదటి ఆదివారం ఇరానా, జపానా?

హన్మకొండలో నాలుగు కుటుంబాలు కలిసి పైదేశాల సినిమాలు చూద్దామనుకుంటే మొదటి పేచీ ఏ సినిమాతో మొదలుపెట్టాలన్నదే. నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే: మజీద్ మజీదీ తీసిన ఇరాన్ సినిమా 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997), యసుజిరో ఓజు తీసిన జపాన్ సినిమా 'టోక్యో స్టోరీ' (1953). కొరియా 'పారసైట్' కావాలని కుర్రాళ్లు పట్టుబడతారు. అత్తామామల పక్కన కూర్చుని చూసే సినిమా కాదది, వదిలేయండి.

ఇరాన్ సినిమా గంటన్నరలో అయిపోతుంది. తెహ్రాన్‌లో అలీ అనే పిలగాడు చెల్లె జహ్రా బూట్లు పోగొడతాడు. కొత్తవి కొనే స్థోమత నాయినకు లేదు. పొద్దుటి బడికి చెల్లె, మధ్యాహ్నం బడికి అన్న, ఇద్దరికీ ఒకటే జత. సందుల్లో ఆ పరుగులకు మాటలతో పనిలేదు. ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు చదవలేని అవ్వకు కూడా కథ అందుతుంది. సినిమా అయ్యాక జరిగే చర్చే కొంచెం పలచన. నాయినకు చెప్పేస్తే పోయేది కదా అని ఒకరంటారు, ఎట్లా చెప్తాడని ఇంకొకరంటారు, ఆపైన అందరిదీ ఒకే మాట.

ఓజుది రెండుంబావు గంటలు. నలుపు తెలుపు. కెమెరా చాప మీద కూర్చున్న మనిషి ఎత్తున ఉండి దాదాపు కదలదు. మొదటి అరగంటలో ఎవరో ఒకరు ఫోన్ తీయడం ఖాయం. పైగా కథంతా మాటల్లోనే ఉంటుంది కాబట్టి పక్కన ఒకరు కూర్చుని తెలుగులో చెప్పాలి.

అయినా ఆ కథ మన వీధిదే. ఒనోమిచి అనే ఊరి నుంచి ముసలి దంపతులు టోక్యోలో పిల్లల దగ్గరికి పోతారు. డాక్టరు కొడుక్కి తీరిక లేదు. బ్యూటీపార్లర్ నడిపే బిడ్డ షిగేకు అంతకన్నా లేదు. అటామి వేడినీటి ఊటల దగ్గరికి పంపేసి ఊపిరి పీల్చుకుంటారు. సెలవు పెట్టి ఊరు తిప్పి చూపించేది యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో. డల్లాస్‌లో ఆర్నెల్లు ఉండి వచ్చిన అమ్మానాన్నలు మన కాలనీల్లో తక్కువా? తల్లి చావు భోజనాల దగ్గరే ఆమె కిమోనో (జపాన్ సంప్రదాయ దుస్తు) అడిగే షిగేను తిట్టేవాళ్లుంటారు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో ఆమె మాత్రం ఏం చేస్తుందని వెనకేసుకొచ్చేవాళ్లూ ఉంటారు. నేను రెండో జట్టు. ఆ ముసలాయనే తమ పిల్లలు చాలామంది కన్నా నయమని భార్యతో అంటాడు. అది సర్దుబాటా, నిజంగా అట్లనే అనుకున్నాడా అని గంటసేపు కొట్లాడుకోవచ్చు.

బడి పిల్లలు ఉంటే ఇరాన్ సినిమానే వేయండి, ఇంకో ఆలోచన వద్దు. అందరూ పెద్దవాళ్లే అయితే మాత్రం తేలికైనదానితో మొదలుపెడదామనే సలహా వినకండి, నేరుగా ఓజు దగ్గరికే పోండి. చాయ్ సినిమాకు ముందు ఇవ్వొద్దు. అయ్యాక ఇస్తే ఎవరూ చెప్పులేసుకోకుండా కూర్చుంటారు.