అమ్మమ్మ, ఆయా, క్రెష్: ఉద్యోగాలు చేసే దంపతులకు ఏది మేలు?

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అసలు ఒత్తిడి ప్రసూతి సెలవు ముగిసే రోజుల్లో మొదలవుతుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల వేతన సెలవు దొరుకుతుంది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు కాబట్టి, తల్లి తిరిగి పనిలో చేరేనాటికి బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలలు నిండి ఉంటాయి. తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే ఆయనకు 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగి అయితే చట్టం ఏమీ ఇవ్వదు, యాజమాన్యం ఇచ్చినంతే. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు పనిచేసే జంటలకు అప్పుడు మూడు దారులు కనిపిస్తాయి: ఊరి నుంచి అమ్మమ్మనో నానమ్మనో పిలిపించుకోవడం, ఇంట్లో ఆయాను పెట్టుకోవడం, పగటిపూట పిల్లలను చూసుకునే కేంద్రంలో, అంటే క్రెష్‌లో, చేర్చడం. బిడ్డకు ఏది మంచిదన్న చర్చ అందరిళ్లలోనూ జరుగుతుంది. ఆలుమగల ఆరోగ్యానికి, వాళ్ల మధ్య సఖ్యతకు ఏది మంచిదన్న ప్రశ్న కూడా అంతే ముఖ్యమని నా నమ్మకం.

ఉద్యోగానికీ కుటుంబానికీ మధ్య వచ్చే ఘర్షణను గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే పరిశోధకులు 1985లో మూడు రకాలుగా విడదీసి చూపారు: ఒకచోట వెచ్చించిన సమయం రెండోచోట కొరత పడటం, ఒకచోటి ఒత్తిడి రెండోచోటికి వెంట రావడం, ఒకచోట పనికొచ్చే నడవడిక రెండోచోట పనికిరాకపోవడం. పిల్లల సంరక్షణ ఏర్పాటు చేసుకునేటప్పుడు మనం మొదటిదాన్నే లెక్క వేసుకుంటాం. తొమ్మిదింటి నుంచి ఆరింటి వరకు ఎవరో ఒకరు చూసుకుంటే సరిపోతుందనుకుంటాం. మిగిలినవి ఆరు దాటాకే బయటపడతాయి.

నమ్మకం విషయంలో పెద్దవాళ్లకు సాటి లేదు. నలుగు పెట్టి స్నానం చేయించడం, రాగి జావ ఎంత పలచగా ఉంటే బిడ్డ మింగుతుందో కనిపెట్టడం, ఏడుపు విని అది ఆకలో నిద్రో చెప్పగలగడం జీతానికి దొరికే సేవలు కావు. మొదటి నెలల్లో తల్లి మనసు కుదుటపడటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. అయితే దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడాలి. అమ్మమ్మ ఇక్కడుంటే తాతయ్య తెనాలిలోనో ఖమ్మంలోనో కర్రీ పాయింట్ కూరలతో రోజులు గడుపుతుంటారు. మోకాళ్ల నొప్పులతో పదిహేనో అంతస్తులో బిడ్డను ఎత్తుకుని తిరిగే ఆవిడకు పలకరించే ఇరుగుపొరుగు కూడా ఉండదు. ఇద్దరి కెరీర్ల కోసం ఒక ముసలి జంటను నెలల తరబడి విడదీస్తున్నామన్న సంగతి చాలా ఇళ్లలో ప్రస్తావనకే రాదు.

ఇంకో సంగతి, నా దృష్టిలో ఇంతకంటే లోతైనది: ఇంట్లో పెద్దావిడ ఉన్నంతకాలం భర్త పనివేళలు ఏమాత్రం మారవు. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానిపై రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇవి ఉద్యోగినులను విడిగా తీసి లెక్కించిన అంకెలు కావు. అయినా అమ్మమ్మ వచ్చిన ఇంట్లో జరిగేది ఇదే: కోడలి పని కొంత అత్తకో, కూతురి పని కొంత తల్లికో మారుతుంది, మగవాడి వంతు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆయా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రాత్రి షిఫ్టుల జంటలకు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు అది తప్పనిసరి కావచ్చు. మిగతావాళ్లకు మాత్రం ఆమె సంక్రాంతికి ఊరెళ్లి తిరిగి వస్తుందో రాదో తెలియని అనిశ్చితి, హాల్లో పెట్టిన కెమెరాను మీటింగ్ మధ్యలో ఫోన్‌లో చూసుకునే తల్లి ఆందోళన, రెండూ ఏడాది పొడవునా ఉంటాయి. సమయం మిగులుతుంది కానీ మనశ్శాంతి మిగలదు.

క్రెష్‌కు ఉన్న గొప్ప గుణం, చాలామంది దాని లోపంగా చెప్పేదే: అది ఒక వేళకు మూసేస్తుంది. సాయంత్రం ఆరున్నరకు బిడ్డను తీసుకురావాలంటే ఎవరు వెళ్లాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోక తప్పదు. ఎప్పుడు పిలిచినా పలికేవాళ్లకే ఎక్కువ జీతమిచ్చే కొలువులు దంపతుల్లో ఒకరిని ఆఫీసుకు, ఇంకొకరిని ఇంటికి కట్టేస్తాయని 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ వివరించారు. అమెరికా క్లయింట్‌తో రోజూ ఏడింటికి కాల్ ఉన్న భర్త, సోమ, బుధ వారాల్లో ఆ కాల్‌ను మరొకరికి అప్పగించగలనని గుర్తించేది ఇలాంటి గడువు మీద పడినప్పుడే.

ఇక్కడ చోటు ఎంపిక కీలకం. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలని చట్టం చెబుతుంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా ఉంది. పాలిచ్చే నెలల్లో అది వరమే. కానీ భార్య ఆఫీసులోని క్రెష్ అంటే రానూపోనూ ట్రాఫిక్‌లో బిడ్డతో ప్రయాణం ఎప్పటికీ ఆమెదే. ఇంటి దగ్గరి క్రెష్‌కైతే ఇద్దరిలో ఎవరైనా వెళ్లగలరు.

అందువల్ల నా తీర్పు ఇది: మొదటి పుట్టినరోజు వరకు, వీలైతే తాతయ్యతో సహా, పెద్దవాళ్లు, బరువు పనులకు మనిషిని పెట్టి, సాయంత్రం ఏడు దాటాక బిడ్డ బాధ్యత వాళ్లమీద వేయకుండా. ఆ తర్వాత ఇంటికి దగ్గరలోని క్రెష్. అందులో చేరిన మొదటి నెలల్లో జలుబు, జ్వరం తరచుగా వస్తాయి, జ్వరమున్న బిడ్డను వాళ్లు రానివ్వరు. ఆ రోజుల్లో సెలవు ఎవరు పెట్టాలన్నది జ్వరం వచ్చిన ఉదయం తేల్చుకునే విషయం కాదు. చేర్చే ముందే మొదటిసారి ఆయన, రెండోసారి ఆమె అని ఒప్పుకుని, దరఖాస్తులో అత్యవసర ఫోన్ నంబరు అని అడిగే గడిలో మొదట తండ్రి నంబరు రాయడం మంచిది.