టెంటా, గ్లాంపింగా, క్యారవానా: సముద్రతీరంలో ఏది మేలు?

టెంటు, గ్లాంపింగ్ (మంచం, పరుపు ముందే అమర్చి ఉంచిన బస), క్యారవాన్ (చక్రాల మీది ఇల్లు) అనగానే చాలామంది వీటిని నిచ్చెన మెట్లలా చూస్తారు. అడుగు మెట్టు మీద టెంటు, పై మెట్ల మీద మిగతా రెండూ. డబ్బు ఎంత ఎక్కువ పెడితే సుఖం అంత ఎక్కువ అని లెక్క. అడవిలోనో కొండల్లోనో ఈ లెక్క కొంతవరకు సరిపోతుందేమో గాని, సముద్రం ఒడ్డున తప్పుతుంది. ఇక్కడ ముందు చూసుకోవలసింది గాలి. ఆ తర్వాత, మొత్తం ఎన్ని రాత్రులు ఉండబోతున్నాం అన్నది. బస ఎంత ముచ్చటగా ఉంటుందన్నది ఈ రెండూ తేలాకే.

తీరంలో గాలికి ఒక దినచర్య ఉంది. పగలు నీటికన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం దాటాక జోరందుకుని, సూర్యాస్తమయానికి సద్దుమణుగుతుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి గాలి దిశ మారి ఒడ్డు నుంచి కడలి వైపు వీస్తుంది. ఉదయం ఆకు కదలని చోటు చూసి మురిసిపోయి టెంటు వేసినవారు సాయంత్రం నాలుగింటికి తాళ్లు పట్టుకుని నిలబడేది ఇందువల్లే. పైగా గాలి వేగం రెట్టింపైతే, అది తోసే బలం నాలుగింతలవుతుంది. మూడు బసల్లోనూ ఈ లెక్క ముందుగా తగిలేది టెంటుకే.

అయినా నా ఓటు మొదట టెంటుకే పడుతుంది. కారణం, గాలిని తప్పించుకునే వీలు దానికే ఎక్కువ. నచ్చకపోతే పది నిమిషాల్లో విప్పి, పొదల చాటుకో గట్టు వెనక్కో మార్చుకోవచ్చు. ఎత్తు తక్కువగా ఉన్న టెంటు కొని, దాని సన్నటి కొసను గాలికి ఎదురుగా పెట్టాలి. టెంటుతోపాటు వచ్చే సన్నటి మేకులు ఇసుకలో నిలవవు. పొడవుగా, వెడల్పుగా ఉండే ఇసుక మేకులు వేరే దొరుకుతాయి. అవి లేకపోతే ఒక సంచిని ఇసుకతో నింపి, తాడు కట్టి, మోకాలి లోతు గోతిలో పాతిపెడితే ఏ మేకూ ఇవ్వనంత పట్టు ఇస్తుంది. ఇసుక తిన్నెల మీద మాత్రం టెంటు వేయకూడదు. ఆ తిన్నెలను పట్టి ఉంచేది వాటి మీద మొలిచిన గడ్డీ తీగలే. వాటిని తొక్కేస్తే తిన్నె గాలికి కదిలిపోతుంది.

నీటి సంగతి గాలి కన్నా గట్టిగా చెప్పాలి. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ వచ్చే పోటు మామూలు కన్నా పైకి ఎక్కుతుంది. ఒడ్డున నాచు, గవ్వలు, పుల్లలు గీత గీసినట్టు పేరుకుని ఉంటే అది నిన్నటి పోటు ఆగిన చోటు. ఈ రాత్రి పోటు కూడా అక్కడే ఆగుతుందని దాని అర్థం కాదు. అష్టమి నాడు చూసిన గీతను నమ్ముకుని పౌర్ణమి నాడు పడుకుంటే తెల్లవారుజామున పరుపు తడుస్తుంది.

చట్టం దగ్గర కూడా టెంటుకు కొన్ని దేశాల్లో పెద్దపీట వేశారు. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం సాగులో లేని నేల మీద, మనుషులున్న ఇంటికి కనీసం 150 మీటర్ల దూరంలో, ఎవరి అనుమతీ అడగకుండా రెండు రాత్రుల వరకు టెంటు వేసుకోవచ్చు. స్కాట్లండ్‌లో 2003 భూసంస్కరణ చట్టం కూడా చిన్న టెంటుతో వచ్చేవారికి ఇలాంటి హక్కే ఇచ్చింది, కానీ మోటారు వాహనాలకు ఆ హక్కు వర్తించదు. న్యూజిలాండ్‌లో గాలి ఎదురు తిరుగుతుంది. అక్కడ స్థానిక మండళ్ల స్థలాల్లో చాలాచోట్ల, బండిలోనే మరుగుదొడ్డి బిగించి ఉండి, ఆ మేరకు ధ్రువపత్రం ఉన్న వాహనాలకే ఉచితంగా రాత్రి ఉండనిస్తారు. బిగించి ఉన్న మరుగుదొడ్డి తప్పనిసరి అన్న నిబంధన 2023లో వచ్చింది. అందుకని ఏ తీరానికి వెళుతున్నామో తేలాకే ఏది మేలో అడగాలి.

టెంటుకు లోపాలు లేవని కాదు. వాన, ఈదురుగాలి కలిసి వస్తే నిద్ర ఉండదు. ప్రశాంతమైన రాత్రి కూడా మన ఊపిరిలోని ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీటిబొట్లుగా మారుతుంది; తలుపు పైభాగం కాస్త తెరిచి ఉంచకపోతే తెల్లారేసరికి దుప్పటి తడి. ఉప్పు, ఇసుక జిప్పులను తినేస్తాయి, ఎండ నైలాను గుడ్డను పెళుసు చేస్తుంది. ఇంటికి వచ్చాక మంచినీటితో కడిగి ఆరబెట్టుకునే ఓపిక ఉండాలి. ఒక్క విషయంలో మాత్రం ఎంత ఓపికా చాలదు: చలిగా ఉందని టెంటు లోపల బొగ్గుల కుంపటి గాని గ్యాస్ పొయ్యి గాని వెలిగించవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. క్యారవాన్‌లో ఉండేవారికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అందులో ఆ వాయువును పసిగట్టి మోగే యంత్రం తప్పక ఉండాలి.

ఇక గ్లాంపింగ్. మంచం, పరుపు, దీపాలు, కొన్నిచోట్ల స్నానాలగది కూడా ముందే అమర్చి ఉంచిన బస ఇది. పెద్ద కాన్వాసు డేరా, చెక్క గది, గుమ్మటం ఆకారపు గూడు, పేరేదైనా మనం కొనుక్కునేది ఇంకొకరి శ్రమను. అందులో చిన్నచూపు చూడవలసిందేమీ లేదు. రెండే రాత్రులకు వెళ్లేవారు, పసిపిల్లలతో వెళ్లేవారు, నడుం నొప్పి ఉన్నవారు టెంటు వేసి సామానంతా సర్దుకోవడానికి ఒక పూట, విప్పి కడిగి ఆరబెట్టడానికి మరో పూట పోగొట్టుకోవడంలో అర్థం లేదు. కానీ రాత్రులు పెరిగే కొద్దీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. వారం రోజులకు అయ్యే అద్దెతో మంచి టెంటు, స్లీపింగ్ బ్యాగులు కొనుక్కుని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

గ్లాంపింగ్‌లో అసలు ఇబ్బంది, చోటును మనం ఎంచుకోలేం. యజమాని దాన్ని నిలబెట్టినప్పుడు ఫొటోలో సముద్రం కనపడటమే చూసి ఉంటాడు. గాలి ఎటు కొడుతుందో చూసి ఉండకపోవచ్చు. కొండ అంచున సముద్రానికి ముఖం పెట్టి ఉన్న డేరా చూడటానికి ఎంత బాగుంటుందో, గాలి రాత్రి అంతగా నిద్ర చెడగొడుతుంది. పలచని ప్లాస్టిక్‌తో కట్టిన పారదర్శక గుమ్మటాలు నాకు అసలు నచ్చవు. నక్షత్రాలు కనపడే మాట నిజమే గాని, ఎండ లోపలికి వచ్చి వేడి బయటికి పోక పొద్దెక్కగానే ఉడుకుతాయి. ఊపిరాడే కాన్వాసు ఎంతో నయం. బుక్ చేసే ముందు మూడు మాటలు అడిగితే చాలు: మరుగుదొడ్డి ఎంత దూరం, గాలికి అడ్డు ఏముంది, తుఫాను హెచ్చరిక వచ్చి మూసేస్తే డబ్బు తిరిగి ఇస్తారా. మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే వేరే చోటు వెతకడం మంచిది.

క్యారవాన్ గురించి అందరూ చెప్పే మాట స్వేచ్ఛ. ఆ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. విహారం కోసమే కట్టించుకున్న తొలి క్యారవాన్‌గా పేరుపొందిన ‘వాండరర్’ను 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడు గుర్రాలు కట్టి ఇంగ్లండ్ నుంచి స్కాట్లండ్‌లోని ఇన్వర్‌నెస్ దాకా నడిపించాడు. బండి తోలడానికి ఒక మనిషి, ముందు మూడు చక్రాల సైకిల్ మీద వెళ్లి దారి చూసిరావడానికి ఒక సేవకుడు ఉండేవారు. ఇప్పుడు ఆ ఇద్దరి పనీ మనమే చేసుకోవాలి.

కారు వెనక తగిలించే క్యారవాన్‌కు తీరపు రోడ్డు కఠిన పరీక్ష. కొండ మలుపు తిరిగి బయటికి రాగానే పక్కగాలి ఒక్కసారిగా కొడుతుంది. క్యారవాన్ తోక ఊగడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకుండా యాక్సిలరేటర్ మీద కాలు తీసి నెమ్మదించాలి. బరువైన సామాను ఇరుసు దగ్గరగా, అడుగున సర్దాలి. క్యారవాన్‌ను కారుకు తగిలించే కొక్కెం మీద పడే బరువు సామానుతో కలిపిన మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం ఉండేలా చూడమంటారు, కారుకు, కొక్కేనికి ఉన్న పరిమితి దాటకుండా. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరపు ఊళ్లకు పోయే దారులు రెండు పక్కలా గట్లతో ఇరుకుగా ఉంటాయి. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఇటలీలోని అమాల్ఫి తీరపు రోడ్డులో అయితే ఇలాంటి బళ్ల మీద ఆంక్షలే ఉన్నాయి. అదే ఆస్ట్రేలియాలోని గ్రేట్ ఓషన్ రోడ్డు లాంటి చోట, సుమారు 240 కిలోమీటర్ల పొడవునా వచ్చే ఊళ్లలో బండి నిలుపుకుని రాత్రి ఉండటానికి క్యారవాన్ పార్కులు ఉంటాయి కాబట్టి, రోజుకో మజిలీ చొప్పున సాగేవారికి దీన్ని మించినది లేదు. ఇంజను తనకే ఉన్న మోటర్‌హోమ్ నడపడం కొంత తేలిక, కానీ పాలు తేవాలన్నా ఇల్లంతా కదలాలి.

వాన రోజుల్లో మాత్రం క్యారవాన్ ముందు మిగతా రెండూ దిగదుడుపే. పొడి పక్క, వంటకు చోటు, తలుపు వేసుకుంటే గాలి చప్పుడు దూరం. బదులుగా మురికినీటి తొట్టె, మరుగుదొడ్డి డబ్బా రెండు మూడు రోజులకోసారి నిర్ణీత స్థలంలో ఖాళీ చేయాలి. చలికాలపు తీరానికైతే బ్యూటేన్ కన్నా ప్రొపేన్ సిలిండరు మేలు. సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కావడం మానేస్తుంది. ఉప్పుగాలి అడుగు భాగాన్ని తుప్పు పట్టిస్తుంది కాబట్టి ప్రయాణం ముగియగానే కింద మంచినీటితో కడగాలి. ఏడాదికి ఒక వారం కోసం ఇంత బండిని కొని, మిగతా ఏడాదంతా దానికి నీడ వెతకడం నా దృష్టిలో అనవసరం. అద్దెకు తీసుకోవడం నయం.

నా మటుకు నేను, పొడి కాలంలో మూడు నాలుగు రాత్రులైతే టెంటు తీసుకుపోతాను. మొదటిసారి వెళుతూ, ఆరుబయట పడక తమకు సరిపడుతుందో లేదో తెలియనివారికి రెండు రాత్రుల గ్లాంపింగ్ చెబుతాను. వారం దాటి, ఊరు మారుతూ, వానలకు వెరవకుండా తిరగాలనుకుంటే అద్దె క్యారవాన్. పెద్దవాళ్లు, కుర్రవాళ్లు కలిసి వెళ్లే కుటుంబానికి వీటిలో ఏదో ఒకటే తేల్చుకోనక్కర్లేదు: క్యారవాన్‌లో పెద్దవాళ్లు, దాని చాటున టెంటులో పిల్లలు. అలా టెంటు వేయడానికి కొన్ని క్యారవాన్ పార్కులు అదనపు రుసుము తీసుకుంటాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. బుక్ చేసేటప్పుడే అడగండి.