నాలుగేళ్లు, 68 వేల కిలోమీటర్ల తర్వాత పీపీఎఫ్: బానెట్ మీద ఏం మిగిలింది, అంచుల్లో ఏం పోయింది

ముదురు నీలం రంగు కాంపాక్ట్ ఎస్‌యూవీ. బండి షోరూమ్ నుంచి వచ్చిన రెండో వారంలో ముందు భాగానికి మాత్రం పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్ (పీపీఎఫ్), అందులో మంచి రకమైన టీపీయూ వేయించాను: బానెట్, ముందు బంపర్, రెండు ఫెండర్లు, సైడ్ అద్దాలు, హెడ్‌లైట్లు. నాలుగు తలుపుల కింది సగానికి డబ్బు మిగులుతుందని చవక రకమైన టీపీహెచ్ వేయించాను. అందుకని ఒకే బండి మీద, ఒకే ఎండలో రెండు రకాలూ ఎలా నిలబడ్డాయో పక్కపక్కన పెట్టి చెప్పగలను. బండి ఎక్కువగా తిరిగింది హైదరాబాద్–విజయవాడ హైవే మీద. రాత్రి నిలిపేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పగలు ఆఫీసు దగ్గర చెట్టు కింద.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి, షాపుల్లో మోసం మొదలయ్యేది అక్కడే. పీపీఎఫ్ అంటే పెయింట్ మీద అంటించే పారదర్శకమైన మందపాటి పొర, అంతే. ఆ పొర దేనితో చేశారన్నదే అసలు విషయం. టీపీయూ అంటే ఒక రకం పాలీయురేథేన్ ప్లాస్టిక్. అది సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. టీపీహెచ్ పేరుతో అమ్మేది పీవీసీకి మెత్తదనం కోసం ప్లాస్టిసైజర్ కలిపిన సరుకు. ఎండకు ఆ ప్లాస్టిసైజర్ ఆవిరైపోతూ ఉంటుంది. అందుకే కొన్నాళ్లకు పొర గట్టిపడుతుంది, పసుపు రంగుకు తిరుగుతుంది, చివరికి పెళుసెక్కి ముక్కలుగా ఊడుతుంది. ఇక సిరామిక్ కోటింగ్ వేరే పదార్థం, వేరే పని. దాని మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. నీళ్లు జారతాయి, మెరుపు వస్తుంది గానీ రాయి దెబ్బ ఆపలేదు. సిరామిక్ వేస్తే రాళ్లు తగిలినా గీత పడదని ఎవరైనా చెబితే ఆ షాపు నుంచి వచ్చేయండి.

రకం తేల్చుకోవడానికి షాపులో రోల్ చివర తుంటను అడగండి. రెండు చేతులతో సాగదీసి వదలండి. టీపీయూ కొద్ది క్షణాల్లో దాదాపు పాత కొలతకు వచ్చేస్తుంది. పీవీసీ సాగినచోటే సాగి, తెల్లటి చార తేలి ఉండిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే రాగి తీగ పరీక్ష చేయొచ్చు. రాగి తీగ కొసను మంటలో ఎర్రగా కాల్చి, ఆ వేడి కొసను ఫిల్మ్ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వెలిగితే అందులో క్లోరిన్ ఉంది, అంటే పీవీసీ. ఈ పని ఆరుబయట, కొద్దిపాటి ముక్కతోనే చేయాలి. ఆ పొగ పీల్చకూడదు.

మందం విషయంలో ఇంకో మాయ ఉంది. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు; 8 మిల్ అంటే సుమారు 200 మైక్రాన్లు. కొందరు వెనక ఉండే లైనర్ కాగితం మందం కూడా కలిపి చెబుతారు. అది తీసి పారేసేదే కదా! పెయింట్ గేజ్‌తో ఫిల్మ్ వేయకముందు బానెట్ మీద అయిదారు చోట్ల కొలిచి రాసుకోండి. కంపెనీ పెయింట్ మొత్తం మామూలుగా 100 నుంచి 130 మైక్రాన్ల మధ్య ఉంటుంది, అందులో పైనున్న క్లియర్ కోట్ 40–50 మాత్రమే. నా బానెట్ ముందు 112, తర్వాత 304 చూపించింది. తేడా 192, అది నిజాయితీ గల అంకె. తేడా 150 దగ్గర ఆగితే మీకు అంటించింది 6 మిల్ ఫిల్మ్. అల్యూమినియం బానెట్ ఉన్న బండికి ఇనుము కాని లోహాల మీద కూడా పనిచేసే గేజ్ కావాలి.

ఇక అంటించే పని. నాలుగేళ్లు చూశాక గట్టిగా చెప్పగలిగేది ఇదే: ఫిల్మ్ పేరు కంటే అంటించే చెయ్యి ముఖ్యం. నా బండి మీద టీపీయూ అంచు లేచిన చోటా, పెయింట్ తెగిన చోటా లోపం చేతిపనిదే తప్ప టీపీయూది కాదు.

కొత్త బండే కదా అని కడిగేసి అంటించేస్తారు, అది తప్పు. షోరూమ్ యార్డులో నెలల తరబడి నిలబడిన బండి మీద ఇనుప రజను దిగబడి ఉంటుంది. షాంపూతో కడగాలి, ఐరన్ రిమూవర్ కొట్టాలి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే బంకముద్ద) రుద్దాలి, అవసరమైతే ఒక విడత పాలిష్ పెట్టాలి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడవాలి. మైనం గానీ, సిరామిక్ గానీ ముందే వేసి ఉంటే జిగురు సరిగా పట్టదు. అడుగున సన్నటి గీతలు వదిలేసి ఫిల్మ్ వేస్తే అవి గాజు పెట్టె కింద దాచిపెట్టినట్టు అలాగే కనిపిస్తుంటాయి. మళ్లీ పెయింట్ వేసిన ప్యానెల్ అయితే కనీసం నెల రోజులు ఆగాలి. లోపలి సాల్వెంట్ బయటికి పోకపోతే బుడగలు వస్తాయి, ఫిల్మ్ తీసేటప్పుడు పెయింటే ఊడి వస్తుంది.

అంటించేటప్పుడు రెండు రకాల నీళ్లు వాడతారు. జారడానికి లీటరు నీటికి నాలుగైదు చుక్కల బేబీ షాంపూ. పట్టు కోసం నాలుగు వంతుల నీటికి ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ నీళ్లు ఆర్‌వో నీళ్లు అయి తీరాలి. బోరు నీళ్లు వాడితే సున్నపు మచ్చ ఫిల్మ్ అడుగున చిక్కుకుంటుంది, ఇక దాన్ని తీయడం ఉండదు. బానెట్‌కు ఇద్దరు కావాలి. ఒకరు లైనర్ ఊడదీస్తుంటే ఇంకొకరు జిగురు వైపు తడుపుతూ ఉండాలి. పరిచాక నడుమ నుంచి అంచులకు స్క్వీజీ (నీళ్లు బయటికి తోసే పట్టీ) లాగాలి, ప్రతి వరసా ముందు వరసను సగం కప్పాలి. మే నెలలో షట్టర్ తెరిచిన షెడ్డులో ఈ పని చేయనివ్వకండి. నీళ్లు క్షణాల్లో ఆరిపోయి జిగురు ఎక్కడికక్కడ పట్టేస్తుంది, లేపి మళ్లీ వేస్తే ఆ చోట వేలిముద్రల్లా గుర్తులు ఉండిపోతాయి. ఏసీ గది లేకపోతే పొద్దున్నే మొదలుపెట్టమనండి. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచమనండి. ఫ్యాన్ వద్దు.

అడగాల్సిన అసలు ప్రశ్న: కటింగ్ ప్లాటర్ (ఫిల్మ్ కోసే యంత్రం) మీదా, బండి మీదా? ప్లాటర్‌లో కొలతకు కోసిన ముక్క అయితే పెయింట్ మీద బ్లేడు పడదు, కాకపోతే అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందే ఆగిపోతుంది. రోల్ పరిచి బండి మీదే కోస్తే అంచులు లోపలికి మడిచి అందంగా వేయొచ్చు, కానీ చెయ్యి ఒక్కసారి బరువైతే క్లియర్ కోట్ తెగుతుంది. ఆ తెగిన గీత ఫిల్మ్ ఉన్నన్నాళ్లూ కనపడదు, తీసిన రోజున బయటపడుతుంది. నాకు ఎడమ ఫెండర్ చివర అలాంటి గీతే, తొమ్మిది సెంటీమీటర్లది, అక్కడి ఫిల్మ్ తీస్తే ఇప్పుడు తేలింది. కొలతకు కోసిన ముక్కలే మేలని నా అభిప్రాయం. కనపడే సన్నటి అంచును భరించొచ్చు, తెగిన పెయింట్‌ను భరించలేం.

వేసిన మొదటి వారం బుడగలు చూసి కంగారు పడక్కర్లేదు, కాకపోతే దేని బుడగో తెలుసుకోవాలి. బొటనవేలితో నొక్కితే పక్కకు జరిగేది నీటి బుడగ. ఎండకు రెండు నుంచి నాలుగు వారాల్లో పోతుంది. నొక్కినా అక్కడే ఉండి పైకి లేచేది గాలి బుడగ. దానంతట అది పోదు, షాపు వాళ్లు సన్నటి సూదితో పొడిచి తీయాలి. వేలికి ఇసుక రేణువులా తగిలితే దుమ్ము. బానెట్ మొత్తం మీద ఒకటి రెండు అయితే సరిపెట్టుకోవచ్చు, కంటి ఎత్తున పది కనపడితే ఆ ప్యానెల్ మళ్లీ వేయమని అడగడం మీ హక్కు. మొదటి వారం బండి కడగకూడదు.

ఇప్పుడు నాలుగేళ్ల ఫలితం. బానెట్ చెక్కుచెదరలేదు. కంకర టిప్పర్ల వెనక అన్ని కిలోమీటర్లు నడిచినా పెయింట్ దాకా దిగిన దెబ్బ ఒక్కటీ లేదు. ఫిల్మ్ మీద మాత్రం సూది మొనంత గుంటలు బానెట్ ముందు అంచు దగ్గర చాలానే ఉన్నాయి. తుడుపు గుడ్డతో పడే సన్నటి గీతలు ఎండకు వాటంతటవే మానడం నిజం. చలికాలంలో అయితే 60–70 డిగ్రీల వేడి నీళ్లు మెల్లగా పోస్తే నిమిషంలో కలిసిపోతాయి. కానీ ఆ మానే గుణం పైపొరకే ఉంటుంది. తాళంచెవితో గీస్తే, రాయి గుచ్చుకుంటే మానదు. సొట్టను ఏ ఫిల్మూ ఆపదు. నీళ్లు ముత్యాల్లా జారే గుణం ఏడాదిన్నరకే తగ్గింది. ఫిల్మ్ మీద వేయదగిన స్ప్రే సీలెంట్ మూడు నెలలకోసారి కొడితే తిరిగి వస్తోంది.

బంపర్ అంత బాగా లేదు. మూలల దగ్గర వంపు ఎక్కువ, అక్కడ ఫిల్మ్‌ను బాగా లాగి పెట్టారు. టీపీయూకు జ్ఞాపకం ఎక్కువ. లాగిన చోట అంచుకు సరిగా వేడి ఇవ్వకపోతే పాత కొలతకు పోదామని నెమ్మదిగా గుంజుకుంటూ ఉంటుంది. ఎనిమిదో నెలలో కుడి మూల అర సెంటీమీటరు లేచింది, అందులోకి దుమ్ము దూరి నల్ల గీత కట్టింది. ఒకసారి జిగురుకు మట్టి పట్టాక హీట్ గన్ పెట్టి నొక్కినా రెండు వారాలే ఆగుతుంది. లేచినంత మేర కోసేయడమే దారి. ప్రెషర్ వాషర్ ముక్కును అంచుకు ఎదురుగా పెట్టడం వల్ల కూడా ఇదే జరుగుతుంది. ముక్కు కనీసం రెండడుగుల దూరంలో ఉండాలి, నీళ్లు ఫిల్మ్ మీది నుంచి అంచు మీదుగా బయటి వైపు పోవాలి. సర్వీస్ సెంటర్‌లో బండి ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ఈ మాట రాయించండి. నోటితో చెబితే కడిగే కుర్రాడి దాకా చేరదు.

టీపీహెచ్ వేసిన తలుపుల సంగతి చెప్పాలంటే బాధగా ఉంది. రెండో వేసవి దాటేసరికి ఫిల్మ్ ఉన్నచోటికీ లేనిచోటికీ రంగు తేడా తెలిసింది. నీలం మీద పసుపు పడి ఆకుపచ్చ ఛాయ వచ్చింది. తెల్ల బండి అయితే ఇంకా ముందే కొట్టొచ్చినట్టు కనపడేది. మూడో ఏడు తీయిస్తే గోరంత ముక్కలుగా వచ్చింది. రెండు తలుపుల జిగురు గోకడానికే ఒక రోజు పట్టింది. ఆ కూలీ లెక్కేస్తే మొదట మిగిలిన డబ్బు మిగిలినట్టే కాదు.

మన దగ్గర ఫిల్మ్‌ను తినేవి మూడు నాలుగున్నాయి. తొలకరి రోజుల్లో రాత్రి హైవే మీద ఉసిళ్లు ముద్దలుగా అంటుకుంటాయి. పొద్దునకల్లా తీయకపోతే మచ్చ దిగుతుంది. తడి గుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి తుడవండి, గోకొద్దు. పక్షి రెట్ట అంతకంటే చేటు. ఎండకు ఫిల్మ్ మెత్తబడి ఉన్నప్పుడు రెండు రోజులు వదిలేసిన రెట్ట బానెట్ మీద రూపాయి బిళ్లంత మసక వలయం మిగిల్చింది. వేడి నీళ్లు పోస్తే సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. బోరు నీళ్లతో కడిగి ఎండలో ఆరనిస్తే తెల్ల చుక్కలు పడతాయి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, నీడలో, గుడ్డతో అద్ది, రెండు నిమిషాల్లో కడిగేస్తే పోతాయి.

నాలుగోది వాహన పూజ. పసుపు, కుంకుమ బొట్లు నేరుగా ఫిల్మ్ మీద పెట్టించకండి. పసుపు మరక ఎండకు కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, కానీ రంగు కలిపిన బజారు కుంకుమ తడితో కలిసి పైపొరలోకి ఇంకితే గులాబీ మచ్చగా ఉండిపోతుంది. అద్దం మీద స్వస్తిక్ వేసి, నంబర్ ప్లేటు దగ్గర బొట్టు పెడితే పూజకూ లోటుండదు, ఫిల్మ్‌కూ చేటుండదు. అలవాటుగా బానెట్ మీద పెట్టేసినా, ఇంటికి రాగానే నీళ్లు ధారగా పోసి కడిగేయండి. పొడి గుడ్డతో రుద్దకండి.

ఖర్చు: ముందు భాగానికి నాకు 42,000 రూపాయలు అయ్యింది. బండి మొత్తానికి అప్పుడు 1,30,000 చెప్పారు. హైవే ప్రయాణం ఎక్కువ ఉన్నవాళ్లకు ముందు భాగం, తలుపుల అంచులు, హ్యాండిళ్ల వెనక గుంటలు, డిక్కీ ఎత్తేచోట బంపర్ పైభాగం చాలు. రాయి తగిలేది, గోరు గీసేది, సామాను రాసుకునేది అక్కడే. వారంటీ కాగితంలో రోల్ సీరియల్ నంబరు, బండి రిజిస్ట్రేషన్ నంబరు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. చాలా వారంటీలు పసుపు రంగుకు తిరగడం, పగలడం, పొర విడిపోవడం వరకే. రాయి గుంటలు, మరకలు అందులో రావు. ప్రమాదంలో ప్యానెల్ మారితే ఫిల్మ్ డబ్బు వస్తుందో రాదో బీమా కంపెనీని ముందే అడిగి, బిల్లు జాగ్రత్త చేయండి.

గత నెల బంపర్ ఫిల్మ్ తీయించాను. ఆవిరి పట్టి మెత్తబరచి, అంచు లేపి, పైకి లాగకుండా బంపర్‌కు ఆనించినట్టు వాలుగా మెల్లగా లాగితే ఒకే ముక్కగా వచ్చింది. పైకి లాగితే పెయింట్ లేచే ప్రమాదం ఉంది. మిగిలిన జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పోయింది. ఊడిన ఫిల్మ్‌ను ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుంటే జల్లెడలా గుంటలు కనిపించాయి. రెండు చోట్ల రాయి పూర్తిగా చీల్చింది, ఆ రెండు చోట్ల మాత్రమే బంపర్ మీద పెయింట్ పెచ్చు లేచి ఉంది. మిగతాదంతా కొత్తగా వచ్చిన రోజు నీలమే. బంపర్‌కు మళ్లీ టీపీయూనే వేయించాను, ఈసారి మూలల్లో లాగకుండా కోత పెట్టి రెండు ముక్కలుగా. బానెట్ ఫిల్మ్‌ను ఇంకో వేసవి ఉంచుతాను.