రాగి వైరా, అల్యూమినియం వైరా: ఏసీ పాయింటుకి ఏది మేలు?

బెజవాడలో ఎండలు ముదిరి ఏసీ కొనగానే వచ్చే మొదటి డౌటు ఇదే. ఏసీ పాయింటుకి రాగి వైరు లాగించాలా, అల్యూమినియంతో సరిపెట్టేయొచ్చా? షాపులో రెండింటి ధరలూ అడిగితే మనసు అల్యూమినియం వైపే లాగుతుంది, అంత తేడా ఉంటుంది మరి. ఎలక్ట్రీషియన్‌ని అడిగితే "రాగే వేయించండి సార్, అల్యూమినియం కాలిపోద్ది" అంటాడు, ఎందుకు కాలుతుందో మాత్రం చెప్పడు. నా ఓటు కూడా రాగికే. కానీ అందుకు చాలామంది చెప్పే కారణం అసలు కారణం కాదు.

వాళ్ళు చెప్పేది విశిష్ట నిరోధం గురించి. పదో తరగతి పాఠమే: విశిష్ట నిరోధాన్ని తీగ పొడవుతో గుణించి మధ్యచ్ఛేద వైశాల్యంతో భాగిస్తే తీగ నిరోధం వస్తుంది. వైర్లలో వాడే రాగికి 20 డిగ్రీల దగ్గర ఇది సుమారు 1.72, అల్యూమినియానికి 2.82, రెండూ 10⁻⁸ ఓమ్-మీటర్లలో. వాహకత్వం లెక్కన చూస్తే రాగిని 100 అనుకుంటే అల్యూమినియం 61. ఇక్కడితో ఆగిపోయి రాగి గెలిచిందని తీర్పు చెప్పేస్తారు, ఇంట్లో ఆ తేడా ఎంత పడుతుందో ఎవరూ లెక్క వెయ్యరు.

వేసి చూద్దాం. మెయిన్ బోర్డు నుంచి ఏసీ 20 మీటర్ల దూరంలో ఉందనుకోండి, ఫేజుకీ న్యూట్రల్‌కీ కలిపి 40 మీటర్ల తీగ, రెండున్నర స్క్వేర్ ఎంఎం. ఏసీ 8 ఆంపియర్లు లాగుతుందనుకుంటే, రాగిలో నిరోధం 0.28 ఓమ్‌లు, పోయే వోల్టేజీ 2.2, వేడిగా వృథా అయ్యేది 18 వాట్ల లోపు. అల్యూమినియంలో 0.45 ఓమ్‌లు, 3.6 వోల్టులు, 29 వాట్లు. 230 వోల్టుల్లో మూడున్నర పోతే ఏసీకి తెలియను కూడా తెలియదు. పైగా అల్యూమినియంలోనే 4 స్క్వేర్ ఎంఎం వేసుకుంటే ఆ తేడా కూడా దాదాపు చెల్లు. మన ఎండలకి అల్యూమినియం తట్టుకోదు అనేవాళ్ళూ ఉన్నారు, అదీ ఉత్త మాటే: 45 డిగ్రీలకి చేరితే రెండింటి నిరోధమూ దాదాపు ఒకేలా, 10 శాతం దాకా పెరుగుతుంది.

అసలు బరువు లెక్కలోకి తీసుకుంటే అల్యూమినియమే మొనగాడు. అదే నిరోధానికి తీగ లావు ఎక్కువ కావాలి గానీ బరువు రాగిలో సగమే. అందుకే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి బయలుదేరే హైటెన్షన్ లైన్లలో కరెంటు మోసేది అల్యూమినియం పోగులే, లాగుడికి తట్టుకోవడానికి మధ్యలో ఉక్కు ఉంటుంది. రాగి వేస్తే ఆ టవర్లకి బరువూ, కట్టేవాళ్ళకి ఖర్చూ మోయలేనంత అయ్యేది.

మరి ఇంట్లో ఏంటి సమస్య? జాయింట్లు. గాలి తగిలిన క్షణంలోనే అల్యూమినియం మీద సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది, అది కరెంటుకి అడ్డం. రాగి మీదా ఆక్సైడ్ వస్తుంది గానీ ఇంత మొండిది కాదు. దానికి తోడు అల్యూమినియం మెత్తన, స్క్రూ బిగించిన చోట ఒత్తిడికి నెమ్మదిగా పక్కకి జరిగిపోతుంది, వేడెక్కినప్పుడు రాగి కంటే మూడోవంతు ఎక్కువగా సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఏసీ ఆన్ అయిన ప్రతిసారీ ఇదే తంతు, కొన్నేళ్ళకి స్క్రూ కింద తీగ వదులవుతుంది. ఆ వదులు దగ్గర అర ఓమ్ నిరోధం పుట్టిందనుకోండి, అదే 8 ఆంపియర్లకి 32 వాట్ల వేడి. 40 మీటర్ల తీగంతా పంచుకున్న వేడి కంటే ఎక్కువ ఒక్క స్క్రూ దగ్గరే! మొబైల్ రిపేర్ షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుంది, దాన్ని ప్లాస్టిక్ సాకెట్లో గుచ్చి వదిలేసినట్టే. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) పడిపోతుందిలే అని ధీమా వద్దు, కరెంటు పెరగలేదు కదా, 8 ఆంపియర్లే పోతోంది, దానికి ఏమీ తెలియదు. అమెరికాలో 1960ల చివర రాగి ధర పెరిగి ఇళ్ళకి అల్యూమినియం వేసుకుంటే తర్వాత ప్రమాదాలు వచ్చిందీ ఈ కనెక్షన్ల దగ్గరే.

(బంగారం సంగతీ ఇంతే. వాహకత్వంలో రాగి కంటే వెనకే, అయినా సిమ్ కార్డు కాంటాక్టుల మీద దాని పూతే వేస్తారు, పైన ఆక్సైడ్ పట్టదని.)

కాబట్టి ఏసీ, గీజర్, ఫ్యాన్లు, లైట్లు, ఇంట్లోపల అన్నిటికీ రాగే. స్తంభం నుంచి మీటరుకి వచ్చే సర్వీసు వైరు అల్యూమినియం అయితే కంగారు పడక్కర్లేదు, ఆ తీగ లావు, జాయింట్లు తక్కువ, లగ్గులు (తీగ కొనకి బిగించే లోహపు తొడుగులు) సరిగ్గా వేస్తే చాలు. పాత ఇంట్లో అల్యూమినియం వైరింగ్ ఉంటే దానికే రాగి ముక్క మెలిపెట్టి ఏసీ పాయింటు లాగే పని మాత్రం చేయించకండి, రెండు లోహాలు నేరుగా కలిసిన చోట తేమ తగిలితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, మన కృష్ణ ఒడ్డున తేమకి కొదవా? బోర్డు నుంచి కొత్త రాగి లైను విడిగా వేయించుకోవడమే.

అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైర్లూ ఉంటాయి, చవగ్గా వస్తోందంటే అనుమానించండి. కొన చెక్కితే లోపల తెల్లగా కనిపిస్తుంది. లేదా 90 మీటర్ల రెండున్నర కాయిల్‌ని తూకం వేయించండి: రాగి ఒక్కటే 2 కిలోలు ఉండాలి, పైన తొడుగు బరువు అదనం. కాయిల్ మొత్తం కలిపి 2 కిలోలు కూడా తూగకపోతే తీసుకోకుండా వచ్చేయండి.